కొత్త హాల్టులు ఎక్కడ అడుగుదాం?

అన్నలకు, అక్కలకు నమస్తే. కాజీపేట-సికింద్రాబాద్ దారిలో కొత్త హాల్టులు, అంటే బండి కాసేపు ఆగే చిన్న స్టేషన్లు, కావాలని రైల్వేకు ఆదివారం రాసే అర్జీలో ఎవరి ఊరు పేరు వాళ్లు చేర్చుకుంటూ పోతే అది అర్జీ కాదు, పెళ్లి పిలుపుల లిస్టు అవుతుంది.

కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు. ఆగిన ప్రతిచోటా బండి వేగం తగ్గించి, నిలబడి, మళ్లీ అందుకునేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. అలాంటివి ఐదారు పెరిగితే జనగామ వాళ్లు బస్సెక్కేస్తారు. మెము (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు బండి) అయితే త్వరగా స్పీడు అందుకుంటుంది. అందుకే ముందు మెము, తర్వాతే హాల్టులు. కాదనేవాళ్లు ఉంటే ఇక్కడే చెప్పండి.

నా ఓటు మొదట మడికొండకు. పెండ్యాల స్టేషన్ దాటితే ఇక కాజీపేటే. మడికొండ ఐటీ పార్కుకు వెళ్లే పిల్లలు కాజీపేటలో దిగి ఆటోలో వెనక్కి రావాలి. రెండోది కాజీపేట, వరంగల్ నడుమ. హనుమకొండకు సొంత స్టేషనే లేదు కదా! అయితే పట్టాలు ఊరి మధ్య నుంచి పోవు, రోడ్డు సరిగ్గా లేకపోతే హాల్టు పెట్టినా దండగే.

హాల్టుకు స్టేషన్ మాస్టర్ అక్కర్లేదు, టికెట్లు కమీషన్ ఏజెంటు అమ్ముతాడు. కానీ ప్లాట్‌ఫాం ఎత్తు మాత్రం గట్టిగా అడగాలి. మొన్న ఒక చిన్న స్టేషన్లో ఒకవ్వ ఆకుకూరల గంప పైకి అందించింది, తను మెట్టు అందుకునేలోపే బండి కదిలింది. ఇద్దరు పోరగాళ్లు చేతులు పట్టి లాగారు. గంప సగం ఒలికిపోయింది.

ఆదివారం వచ్చేటప్పుడు మీ ఊరి రోడ్డు పట్టాలను కలిసేచోట ఫోటో తీసుకురండి. వానాకాలంలో అక్కడికి ఆటో వస్తుందో లేదో కూడా కనుక్కోండి.