కాస్పరోవ్‌ను తయారవనిచ్చారా?

ఎడిటర్ గారికి,

కృత్రిమ మేధ మీద మీ పత్రికలో ఏ వ్యాసం వచ్చినా, 1997లో ఐబీఎం వాళ్ల చదరంగం కంప్యూటర్ డీప్ బ్లూ చేతిలో ప్రపంచ చాంపియన్ కాస్పరోవ్ ఓడిపోయిన సంగతి ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోతుంది. మొన్న ఆదివారం వేసినదాంట్లోనూ అంతే. ఆ పోటీకి ఆయన ఎలా తయారయ్యాడు, అసలు తయారవనిచ్చారా అన్నది మాత్రం ఎవరూ రాయరు. పిల్లలకు చదరంగం నేర్పేవాణ్ని, నాకు ఆ ముక్కే ముఖ్యం.

పెద్ద పోటీకి ముందు ఏ ఆటగాడైనా మొదట చేసేది ఎదుటివాడి పాత గేములు తిరగేయడం. ఏ ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తుల వరస) ఆడతాడు, టైమ్ తక్కువైతే ఎక్కడ తడబడతాడు, ఎలాంటి పొజిషన్ (బోర్డు మీద పావుల అమరిక) అంటే ఇబ్బంది పడతాడు, ఇవన్నీ వెతికిపెట్టడానికి సెకండ్లు అనే సహాయకులు ఉంటారు. 2024లో సింగపూర్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడిన గుకేశ్ వెనక మన గుంటూరు హరికృష్ణ ఉన్నది ఆ పనికే.

కాస్పరోవ్‌కి ఆ అవకాశమే లేదు. 1996లో ఫిలడెల్ఫియాలో మొదటి గేమ్ పోగొట్టుకుని కూడా 4-2తో గెలిచాడు కానీ, మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఎదురైంది ఆ పాత యంత్రం కాదు, సెకనుకు 20 కోట్ల పొజిషన్లు చూసేలా దాన్ని మార్చేశారు. దాని గేములు చూపించమని అడిగితే ఐబీఎం ఒప్పుకోలేదు. వాళ్ల దగ్గరేమో ఈయన అన్నేళ్లుగా ఆడిన గేములున్నాయి, జోయెల్ బెంజమిన్ అనే గ్రాండ్‌మాస్టర్ పక్కనే ఉన్నాడు, పైగా గేముకీ గేముకీ మధ్య ప్రోగ్రామ్ మార్చుకోవచ్చు. ఈయన బజార్లో దొరికే ప్రోగ్రాములతో ప్రాక్టీస్ చేసుకుని వెళ్లాడు. దీన్ని సమాన పోటీ అని నేను ఎప్పటికీ అనను.

మొదటి గేమ్ గెలిచాడు. రెండో దాంట్లో యంత్రం అచ్చం మనిషిలా నిదానంగా నొక్కుకుంటూ వచ్చేసరికి టెన్షన్ పడి, ఓటమి ఒప్పుకుని రిజైన్ చేశాడు, డ్రాకి దారి ఉందని మర్నాడు తన టీమ్ వాళ్లు చెబితే గానీ తెలియలేదు. అంతటివాడికి ఆ దారి కనపడకపోవడమేమిటి? యంత్రం అన్నీ లెక్కపెట్టే ఉంటుందని నమ్మేసి తను వెతకడం మానేశాడని నా అభిప్రాయం. మూడో గేమ్ తెల్లపావులతో మంత్రి ముందు బంటుని ఒక్క గడే జరిపి మొదలుపెట్టాడు. యంత్రానికి ఎక్కించిన ఓపెనింగుల నుంచి దాన్ని బయటికి లాగాలని ఆయన ఆలోచన. కానీ ఓపెనింగుల్లో ఆయన్ని మించినవాడు లేని రోజులవి, ఆ బలాన్ని తన చేత్తోనే పక్కన పెట్టేసుకున్నాడు. ఆఖరి గేమ్‌లో యంత్రం గుర్రాన్ని ఇచ్చేసింది, 19 ఎత్తుల్లో అయిపోయింది. ఆ ఎత్తు దానికి ముందే ఎక్కించిపెట్టినదే.

రష్యా గ్రాండ్‌మాస్టర్ క్రామ్నిక్ ఇది చూసి నేర్చుకున్నాడు. 2002లో బహ్రెయిన్‌లో డీప్ ఫ్రిట్జ్ అనే చదరంగం ప్రోగ్రామ్‌తో ఆడేముందు దాని కాపీ తనకివ్వాలని పట్టుబట్టి తీసుకున్నాడు, ఇంట్లో దాంతో ఆడి చూసుకున్నాడు. మంత్రులను తొందరగా మార్చేసుకుంటే యంత్రం లెక్కలకు పదును తగ్గుతుందని గమనించి, అలాగే ఆడి సగం పోటీ అయ్యేసరికి 3-1 ఆధిక్యంలో ఉన్నాడు. తర్వాత అలసటో ఏమో రెండు ఓడి 4-4తో ముగించాడు. 2006లో జర్మనీలోని బాన్‌లో మళ్లీ డీప్ ఫ్రిట్జ్‌తో ఆడినప్పుడూ కాపీ ముందే చేతికొచ్చింది, అయినా ఒక్క ఎత్తులో పడే చెక్‌మేట్ చూసుకోక ఒక గేమ్ పోగొట్టుకున్నాడు, మొత్తం మీద 4-2తో ఓడాడు. ప్రిపరేషన్ ఉంటే గెలుపు ఖాయమని నేను అనడం లేదు. ఈరోజు ఫోన్లో ఉండే ఇంజిన్‌ని కూడా ఏ చాంపియనూ ఓడించలేడు, అదీ తెలుసు. అయినా ఓడిపోయినవాడికి ఏ అవకాశం ఇచ్చారో, ఏది ఇవ్వలేదో చెప్పకుండా స్కోరు ఒక్కటే వేస్తే, కాస్పరోవ్‌కి బుర్ర చాలలేదని పిల్లలు అనుకుంటారు. మా దగ్గరకొచ్చే పిల్లలు నిజంగానే అలా అనుకుంటున్నారు.

2003లో ఇదే కాస్పరోవ్ త్రీడీ కళ్లద్దాలు పెట్టుకుని, బోర్డు లేకుండా ఎత్తులు నోటితో చెబుతూ ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే ప్రోగ్రామ్‌తో ఆడాడు. మూడో గేమ్‌లో బంటులతో మొత్తం దారులు మూసేశాడు. యంత్రానికి ఏం చేయాలో తోచక పావులను అటూ ఇటూ తిప్పుతుంటే, ఈయన మంత్రి వైపు నుంచి తొందర లేకుండా నెట్టుకొచ్చి 45 ఎత్తుల్లో గెలిచాడు. ఆ ఎత్తులన్నీ మీ పిల్లల పేజీలో ఒకసారి వేయండి, మావాళ్లు బోర్డు మీద పెట్టి ఆడుకుంటారు.

పిల్లలకు చదరంగం నేర్పే ఒక పాఠకుడు,
తెనాలి