ఈ టీటీడీలో లడ్డూలుండవు, లారీలుంటాయి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పేపర్లో వీడియో గేముల మీద వచ్చే ఉత్తరాలన్నీ ఒకటే పాట, పిల్లల కళ్లు పోతున్నాయి, చదువులు పోతున్నాయి అని. నాకు యాభై మూడేళ్లు. అంబాజీపేటలో లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమస్తాని. సంక్రాంతి నుంచి రాత్రి భోజనం అయ్యాక నేనూ ఒక గేము ఆడుతున్నాను, కళ్లు ఎలాగూ బిల్లులు రాసే పోయాయి కాబట్టి ఆ బెంగ లేదు, అందుకని ఆ గేములో ఏం బాగుందో ఏం బాలేదో మా వృత్తివాడిగా రాద్దామనిపించింది.

గేము పేరు ఓపెన్ టీటీడీ. పేరు చెప్పగానే మా ఆవిడ దర్శనం టికెట్లు వదిలారేమోనని ఆధార్ కార్డులు పట్టుకొచ్చింది. ఆ టీటీడీ కాదండి. 1994లో క్రిస్ సాయర్ అనే ఆయన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ అని గేము తయారుచేశాడు, మరుసటేడు దానికే డీలక్స్ వచ్చింది, ఆ మూడు మాటల పొడి అక్షరాలే టీటీడీ. 2004లో దాన్ని విప్పదీసి మళ్లీ రాసి అందరికీ ఉచితంగా వదిలారు, అందుకే ముందు ఓపెన్. పైసా కట్టక్కర్లేదు, మధ్యలో ప్రకటనలు రావు, మా ఆఫీసులో బిల్లులు కొట్టే ముసలి కంప్యూటర్లో కూడా నడుస్తుంది. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే మా మేనల్లుడు పండక్కి వచ్చి, "మావయ్యా, రోజూ నువ్వు చేసే పనే, కాకపోతే ఇందులో నువ్వే ఓనరువి" అని ఎక్కించి పోయాడు. ఓనరు అన్న మాటకి పడిపోయాను.

లక్ష పౌండ్ల అప్పుతో మొదలవుతుంది. బొగ్గు గని దగ్గర ఒక స్టేషను, పవర్ ప్లాంటు దగ్గర ఒక స్టేషను కట్టి, మధ్యలో పట్టాలేసి రైలు తిప్పాలి. లేదంటే లారీలు, బస్సులు, ఓడలు, విమానాలు, మన ఇష్టం. సరుకు ఎంత, ఎంత దూరం, ఎన్ని రోజుల్లో చేర్చాం, ఈ మూడింటి మీదే కిరాయి. బొగ్గు కాస్త లేటయినా రేటు పెద్దగా తగ్గదు. పళ్లు లేటయితే మాత్రం గబగబా పడిపోతుంది. ఇది చూసి నేను నిజంగా కుర్చీలోంచి లేచాను, ఎందుకంటే రావులపాలెంలో అరటి గెలలు ఎక్కిన లారీకీ మా దగ్గర కొబ్బరికాయలు ఎక్కిన లారీకీ తేడా ఏంటో కొత్తగా చేరిన కుర్రాళ్లకి చెప్పలేక నా ప్రాణం పోతుంటుంది, కాయ వారం ఆగినా కాయే, గెల ఒడిశా వెళ్లేలోపు మాగిపోతే ఆ కిరాయి మీద గొడవ మనకే. ఆ సంగతి ఈ గేము అరగంటలో నేర్పేస్తుంది.

స్టేషన్లకి మార్కులు కూడా ఉన్నాయి. బండి వచ్చి ఎన్నాళ్లయింది, దాని స్పీడెంత, పాతదా కొత్తదా, ప్లాట్‌ఫాం మీద సరుకు ఎంత పేరుకుపోయింది, ఇవన్నీ చూసి ఆ మార్కుల్ని బట్టి సరుకు ఇస్తారు. రెండ్రోజులు బండి పెట్టకపోతే సరుకు పంపే పార్టీ పక్క ఆఫీసు గుమ్మం ఎక్కడం మాకు తెలియనిదా! ఇంకో తమాషా, ఊళ్లో మన విగ్రహం మనమే పెట్టించుకుంటే ఆ మార్కులు పెరుగుతాయి. చెట్లు కొట్టేస్తే మునిసిపాలిటీ వాళ్లకి కోపం వచ్చి స్టేషను కట్టనివ్వరు, చెట్లు నాటితే చల్లబడతారు, లంచం ఇవ్వడానికి కూడా ఒక మీట పెట్టారు, దొరికితే పరువు పోతుంది. తయారుచేసినాయన స్కాట్లాండువాడంటారు గానీ నాకు అనుమానమే.

డెల్టా వాళ్లకి ప్రత్యేకంగా నచ్చే సంగతి కాలవలు. ఇందులో కాలవ తవ్వుకోవచ్చు, లాకులు కట్టుకోవచ్చు, పి.గన్నవరంలో వైనతేయ పాయ మీదుగా కాలవ దాటించినట్టు అక్విడెక్టు కూడా కట్టుకోవచ్చు. మా తాత ధాన్యం పడవలకి తాడు లాగిన మనిషి, లాకు తలుపులు తీసేదాకా గట్టు మీద వండుకు తినేవాళ్లమని చెప్పేవాడు. గేములో లాకు దగ్గర ఆగే పని లేదు, ఓడ దానంతట అదే మెట్టు ఎక్కుతుంది. గోదారికి వరదా రాదు. ఆగస్టులో సఖినేటిపల్లి రేవులో పంటు (జనాన్నీ బళ్లనీ గోదారి దాటించే పెద్ద పడవ) ఆపేస్తే నర్సాపురం ఎదురుగా కనిపిస్తూనే చుట్టూ తిరిగి వెళ్లాల్సిన బాధ ఇందులో ఎవరికీ లేదు.

ఇక లోపాల దగ్గరికొస్తాను, ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, క్షమించాలి.

మొదటిది, రిటర్న్ లోడు. గేములో బొగ్గు దింపిన రైలు ఖాళీగా వెనక్కొచ్చినా ఏడాది చివర లాభం దండిగా కనిపిస్తుంది. ఇది చూస్తే మా ఓనర్లు నవ్వాలో ఏడవాలో తెలియక ఉంటారు. కొబ్బరికాయలు వేసుకుని గుజరాత్ వెళ్లిన లారీ అక్కడ బ్రోకరు ఆఫీసు ముందు రెండ్రోజులు, ఒక్కోసారి నాలుగు రోజులు, తిరుగు లోడు కోసం పడిగాపులు కాస్తుంది, దొరికిన రేటుకి ఏదో ఒకటి వేసుకుని బయల్దేరుతుంది. మా వ్యాపారంలో తెలివంతా ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. వెళ్లేటప్పటి కిరాయి డీజిలుకీ టోలుకీ సరిపోతుంది, ఇంటికి తెచ్చేది వచ్చేటప్పటిదే. గేములో ఆ సగం వ్యాపారం అసలు లేదు.

రెండోది, అరువు. సరుకు దిగిన క్షణంలో టింగుమని డబ్బు ఖాతాలో పడిపోతుంది. ఎంత హాయి! నా టేబులు సొరుగులో ఒక పార్టీ బ్యాలెన్సు కాగితం రెండేళ్లుగా ఉంది, కాయల్లో తరుగొచ్చిందంటాడు, తూకం తేడా అంటాడు, ఫోను చేస్తే వాళ్లబ్బాయి ఎత్తి "నాన్న పూజలో ఉన్నారు" అంటాడు, సాయంత్రం అయిదింటికి ఏం పూజో. అడ్వాన్సు, బ్యాలెన్సు, హాల్టింగ్ (లారీ ఆగిన రోజులకి ఇచ్చే డబ్బు), కాటా ఖర్చు, హమాలీ కూలి, ఇవేవీ లేని ట్రాన్స్‌పోర్టు గేము ఉప్పు లేని పులస పులుసు. అందుకేనేమో పదిహేనేళ్లు గడిచేసరికి (గేములో ఏడాదంటే పధ్నాలుగు నిమిషాలు కూడా ఉండదు) డబ్బు గుట్టలు పడిపోయి ఏం చేసినా నష్టం రాదు, ఆడాలన్న ఆసక్తి కూడా అక్కడే చస్తుంది.

మూడోది రాయడానికి కొంచెం ఇబ్బందిగా ఉంది. గేములో డ్రైవరు కనిపించడు. నిద్ర లేదు, భోజనం లేదు, జీతం లేదు, ఇంటి నుంచి ఫోను రాదు. లారీ చెడిపోతే కాసేపు పొగ వదిలి దానంతట అదే కదులుతుంది. ఒకసారి నేను లెవెల్ క్రాసింగు తప్పుగా పెట్టి లారీని రైలు కింద తోసేశాను, అప్పుడు గేములో పేపరు పైకి లేచింది (అవునండి, అందులోనూ ఒక పేపరుంది), లారీ ప్రమాదంలో డ్రైవరు చనిపోయాడని వేసింది. అంతదాకా ఆ లారీలో ఒక మనిషి ఉన్నాడనే నాకు చెప్పలేదు. ఆ రాత్రి ఇంక ఆడలేదు. నేను పంపించిన లారీల్లో తిరిగిరాని వాళ్లు ఇద్దరున్నారు.

సిగ్నళ్లు అర్థం కావడానికి నాకు నెల పట్టింది, రెండు రైళ్లు ఎదురెదురుగా నిలబడి ఏడాదల్లా ఒకదాన్నొకటి చూసుకునేవి. మేనల్లుడికి వీడియో కాల్ చేస్తేగానీ తేలలేదు. ప్రయాణికులైతే ఎక్కడికి వెళ్లాలో వాళ్లకే తెలియదు, ఎటు తీసుకెళ్తే అటు దిగిపోతారు. దానికేదో సెట్టింగు మారిస్తే గమ్యాలు వస్తాయట.

పోయిన నెల మేనల్లుడే కోనసీమ మ్యాపు గీసి పంపాడు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ, మూడు పాయలూ ఉన్నాయి. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నర్సాపురం దాకా లైనేశాను, మూడు వంతెనలూ కలిపి పావుగంట పట్టింది. భూసేకరణ లేదు, కొబ్బరి తోట అడ్డమొస్తే మీట నొక్కితే చదునైపోతుంది, చెట్లాయన ఎవరో అడగరు. అసలు లైను 57 కిలోమీటర్లు, 2000–01 రైల్వే బడ్జెట్లో మంజూరైంది. మా అమలాపురం ఎంపీ, అప్పటి లోక్‌సభ స్పీకరు బాలయోగి గారు పట్టుబట్టి తెచ్చిన లైను, ఆయన 2002లోనే పోయారు. కాకినాడ నుంచి కోటిపల్లి దాకా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీకేసిన పట్టాలు 2004లో తిరిగొచ్చాయి గానీ గౌతమి ఇవతలికి రైలు ఇంకా రాలేదు.

గేములో వచ్చింది. ఏ స్టేషనుకైనా మొదటి రైలు వస్తే ఆ పేపరు పెద్ద బొమ్మేసి, జనం సంబరాలు చేసుకుంటున్నారని పెద్ద అక్షరాలతో వేస్తుంది. "అమలాపురానికి మొదటి రైలు" అని పడిన ఆ పేజీని ఫోనులో ఫొటో తీసి మా ఆఫీసు గోడకి అంటించాను. హమాలీలు నిజమనుకుని టైమెప్పుడని అడిగారు. అసలు రైలు వచ్చిన రోజున మీరూ అంతంత అక్షరాలతోనే వేయాలండి, నాకు పది కాపీలు కావాలని మీ ఏజెంటుకి ఇప్పుడే చెప్పి ఉంచాను.

ఇట్లు,
ఒక లారీ ఆఫీసు గుమస్తా,
అంబాజీపేట