గుండాల వేడినీళ్ల బాధ్యత ఏ రాష్ట్రానిది?

సంపాదకుడు గారికి నమస్కారం.

భద్రాచలం వచ్చే యాత్రికులు రామయ్య దర్శనం చేసుకుని, పర్ణశాల చూసి, వీలుంటే అడవి మధ్యన ఉన్న కిన్నెరసాని జలాశయం దాకా వెళ్లి బస్సెక్కేస్తారు. ఊరికి ఐదు కిలోమీటర్ల దూరంలోనే, గోదావరి ఒడ్డున ఉన్న గుండాల గురించి వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ. అక్కడ ఇసుకలో చెలమ తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. పక్కనే నది చల్లగా పారుతుంటుంది. చలికాలంలో బ్రహ్మ, విష్ణు, మహేశ్వరులు వచ్చి ఇక్కడ స్నానం చేస్తారని పెద్దల నమ్మకం. కీళ్ల నొప్పులున్న ముసలివాళ్లు ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే వాళ్ల ముఖాల్లో కనిపించే హాయి నాకు చాలా ఇష్టం. ఇంత అరుదైన చోటు అనాథలా పడి ఉండటం చూస్తే బాధగా ఉంటుంది.

దీనికి సగం కారణం సరిహద్దు. 2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల ఊళ్లను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, గుండాల అటు వెళ్లింది. ఎటపాక, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడుతో పాటు గుండాలను కూడా వెనక్కి ఇవ్వాలని తెలంగాణ అడుగుతూనే ఉంది. ఆ పంచాయితీ ఎప్పటికి తేలుతుందో గానీ, యాత్రికులు దిగేది ఒక రాష్ట్రంలో, వేడినీళ్లు ఉన్నది ఇంకో రాష్ట్రంలో. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి చిన్న గది అయినా కట్టించమని అడగడానికి మేం కొందరం ఒక ఆఫీసుకు వెళితే, అది మా పరిధి కాదన్నారు. రెండో చోటికి వెళితే అర్జీ తీసుకున్నారు, అంతే.

ఈ నీళ్లు ఎందుకు వేడిగా ఉంటాయని పిల్లలు అడిగితే చాలామంది అగ్నిపర్వతం అనో మహిమ అనో చెబుతారు. ఇక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదు. బొగ్గు గనులున్న ఈ గోదావరి లోయలో ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట నేల విరిగి కుంగింది. వాన నీరు ఆ పగుళ్ల వెంట బాగా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మరో దారిన పైకి వస్తుంది. దేశం మొత్తం మీద భూగర్భ ఉష్ణం బయటపడే చోట్లు 381 ఉన్నాయని జియలాజికల్ సర్వే లెక్క. మా జిల్లాలోనే మణుగూరు దగ్గర పగిడేరులో బోరు నుంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికి వస్తాయి. అక్కడ సింగరేణి 20 కిలోవాట్ల ప్రయోగాత్మక విద్యుత్ ప్లాంటు కూడా పెట్టింది. కరెంటు తీయడానికి పనికొచ్చిన వేడిని చూడటానికి వచ్చేవాళ్ల కోసం ఒక బోర్డు రాయించడం కష్టమేమీ కాదు కదా.

నాకున్న అసలు టెన్షన్ వేరే. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశలో 41.15 మీటర్ల వరకు నింపుతామంటున్నారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు ఇక్కడి జనం పడ్డ బాధ అందరికీ తెలిసిందే. వరద తీస్తుంది, ఇసుక మళ్లీ తేలుతుంది. కానీ జలాశయం నీళ్లు వెనక్కి తన్ని ఒడ్డున నిలబడిపోతే చెలమ తవ్వడానికి ఇసుకే ఉండదు. హిమాచల్ ప్రదేశ్‌లో ఇలాగే జరిగింది. సట్లెజ్ ఒడ్డున తత్తాపానీ అనే ఊరుంది, సంక్రాంతికి వేల మంది వేడినీళ్ల స్నానానికి వెళ్లే చోటు. కోల్ డ్యామ్ జలాశయం నిండాక ఆ పాత ఊటలు నీళ్ల కింద కలిసిపోయాయి. అదే రాష్ట్రంలో మణికరణ్‌లో మాత్రం గురుద్వారా లంగర్‌కు, అంటే అక్కడ పెట్టే ఉచిత భోజనానికి, అన్నం, పప్పు ఇప్పటికీ ఆ వేడినీటిలోనే ఉడుకుతున్నాయి.

పోలవరం వెనుక జలాలపై ఉమ్మడి సర్వే చేయాలని తెలంగాణ కోరుతోంది. అందులో పొలాలు, ఇళ్లతో పాటు గుండాల ఊటల మట్టం కూడా కొలవాలని నా విన్నపం. మునుగుతాయా లేదా అన్నది ప్రజలకు ముందే చెప్పాలి. మునిగేట్టయితే అందుకు ఏం చేస్తారో కూడా ఇప్పుడే చెప్పాలి.

ఈలోగా చేయదగ్గవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ఎక్కడ లోతు ఉందో తెలిపే హెచ్చరికలు తెలుగులో రాయించాలి, ఎందుకంటే స్నానానికి దిగినవాళ్లు నాలుగడుగులు వేస్తే నదిలోకే వెళతారు. నీటిని ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. వెచ్చని నిల్వ నీటిలో నేగ్లేరియా అనే అమీబా పెరగగలదు, ముక్కులోకి పోతే ప్రాణాంతకం. కాబట్టి పిల్లల్ని ఆ నీళ్లలో మునకలు వేయించకూడదన్న సంగతి కూడా బోర్డు మీద ఉండాలి. స్విమ్మింగ్ పూల్ కట్టి టైల్స్ వేసే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోవాలి. అక్కడి ఇసుక, అడవి, చుట్టుపక్కల కోయ గూడేలు అలాగే ఉండాలి. గదులు, దుకాణాలు పెడితే మొదటి అవకాశం ఆ గూడేల వాళ్లకే ఇవ్వాలి.

రెండు జిల్లాల కలెక్టర్లు ఒక్కసారి కలిసి గుండాలకు వచ్చి, ఎవరి శాఖ ఏ పని చూస్తుందో కాగితం మీద రాసుకుంటే చాలు. ముక్కోటి రద్దీకి ముందే ఆ పని జరగాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, భద్రాచలం