పరిశోధన నిర్వహణను అదనపు బాధ్యతగా చూడకండి

సంపాదకులకు నమస్కారం.

జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేసి, పంతొమ్మిదేళ్లు పాఠాలు చెబుతూ ప్రయోగశాల నడిపిన నేను, ఆరేళ్ల క్రితం పరిశోధన నిర్వహణలోకి, అంటే శాస్త్రవేత్తల ప్రాజెక్టులకు నిధులు, అనుమతులు, ఒప్పందాలు చూసే పనిలోకి మారాను. ఆ సంగతి తెలిసినప్పుడు సహోద్యోగులు నన్ను పరామర్శించినంత పని చేశారు. ‘ఇక ఫైళ్లేనా మేడం, సైన్సు వదిలేసినట్టేనా’ అని నా దగ్గర పరిశోధన చేసిన విద్యార్థే అడిగాడు. విశాఖ విద్యాసంస్థల్లో పరిశోధన ఎందుకు వెనకబడుతోందన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ ప్రశ్నే గుర్తొస్తుంది.

నేను మారడానికి కారణం ఒక ఫ్రీజరు. అప్పట్లో నేను పనిచేసిన సంస్థలో మూడేళ్ల ప్రాజెక్టుకు రెండో విడత సొమ్ము ఫిబ్రవరిలో వచ్చింది. మార్చి 31లోగా ఖర్చు చేయాలి. కొనుగోలు నిబంధనలు తెలిసినవారు లేక కొత్త ఫ్రీజరు కొటేషన్లు రెండుసార్లు వెనక్కి వచ్చాయి, ఈలోగా గడువు ముగిసింది. మైనస్ 80 డిగ్రీల పాత ఫ్రీజరు మే ఎండల్లో ఆగిపోవడంతో, మత్స్యకార గ్రామాలు తిరిగి రెండేళ్లపాటు సేకరించిన రక్త నమూనాలన్నీ పాడైపోయాయి. మమ్మల్ని నమ్మి చెయ్యి చాచి రక్తమిచ్చిన ఆ తల్లులకు ఏం చెప్పాలో నాకు ఈనాటికీ తెలియదు. ఇచ్చిన సొమ్ము ఎలా ఖర్చయిందో చూపే వినియోగ ధ్రువపత్రం ఆలస్యమై తరువాతి విడత నిలిచిపోగా, నా ప్రాజెక్టులోని అమ్మాయి ఏడు నెలలు ఫెలోషిప్ లేకుండా పనిచేసింది. ఇందులో ఏ ఒక్కరినీ తప్పుపట్టలేను. ఆ వ్యవహారాలు చూడవలసిన ఆచార్యులు తరగతులు, పరీక్షలు, వసతిగృహం చూసుకుంటూనే పరిశోధన విభాగాన్నీ అదనపు బాధ్యతగా మోస్తున్నారు.

పరిశోధన నిర్వహణ గుమాస్తా పని కాదు. ఏ నిధి సంస్థ ఏ సమస్యకు ప్రతిపాదనలు కోరుతోందో గమనించి తగిన శాస్త్రవేత్తకు చెప్పాలి; జంతు ప్రయోగాలకూ, జన్యుమార్పిడి పనులకూ నైతిక, జీవభద్రతా కమిటీల అనుమతులు సకాలంలో తేవాలి; రసాయనాల ధర నుంచి పేటెంటు ఒప్పందం దాకా చదివి అర్థం చేసుకోవాలి. ప్రయోగం ఎక్కడ ఆగితే ఏం నష్టమో తెలిసినవారే ఈ పని చేయగలరు. అందుకే ప్రయోగశాలలో గడిపిన నా పంతొమ్మిదేళ్లు వృథా అయ్యాయని నేను అనుకోను. ప్రయోగశాలలో ద్రవాలు కొలిచే పైపెట్ పట్టుకోవాలని చెయ్యి లాగే రోజులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని గుర్తించిన పరిశోధనల్లో పాలుపంచుకున్నా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో అమెరికా ఔషధ సంస్థ లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లి, అక్కడి పరిశోధనకు సారథ్యం వహించి, 1948లో కన్నుమూసేదాకా ఎందరో శాస్త్రవేత్తలను ఒక్క తాటిపై నడిపించారు. ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేయడం, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలు నివారణకు మన పల్లెల్లో పంచుతూ వచ్చిన డీఈసీ మందు ఆ నాయకత్వంలో వచ్చినవే. ఆయన సైన్సు వదిలేశారని ఎవరైనా అనగలరా?

విశాఖలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, 1926 నాటి ఆంధ్ర విశ్వవిద్యాలయం, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం, వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఒకదానికొకటి బస్సు దూరంలోనే ఉన్నాయి. ఒక సముద్రజీవి నుంచి ఔషధం వెతకాలంటే ఇటువంటి సంస్థలన్నీ చేతులు కలపాలి. ఆ ఒప్పందాలు రాయడానికీ, నమూనాల పంపకం, ఖర్చుల లెక్క చూడటానికీ దానికే కేటాయించిన మనిషి కావాలి. కేంద్ర జీవసాంకేతిక విభాగం (డీబీటీ), బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్టు కలిసి పరిశోధనకు నిధులిచ్చే ఇండియా అలయన్స్ 2018లోనే పరిశోధన నిర్వాహకుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది. 2023 చట్టంతో, పరిశోధనకు నిధులిచ్చే జాతీయ సంస్థ అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కూడా వచ్చింది కాబట్టి, నిధులకు పోటీపడే తీరు మారుతోంది.

రాష్ట్ర ఉన్నత విద్యాశాఖకు నా విన్నపం ఇది. ప్రతి విశ్వవిద్యాలయంలో పరిశోధన నిర్వాహకుల పోస్టులను శాశ్వత ప్రాతిపదికన మంజూరు చేసి, అధ్యాపకులతో సమానమైన వేతన శ్రేణి, పదోన్నతులు ఇవ్వండి. పదవీ విరమణకు దగ్గరపడినవారిని కూర్చోబెట్టే కుర్చీలుగా కాక, పరిశోధన చేసిన యువతకు పోటీపద్ధతిలో వాటిని తెరిచి, ఏడాది శిక్షణ తరువాతే బాధ్యతలు అప్పగించండి.

భవదీయురాలు,
ఒక జీవరసాయన శాస్త్రవేత్త,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.