అమ్మానాన్నల్ని కోర్దోబా తీసుకెళ్దామని

అక్కా,

ఎలా ఉన్నారు అందరూ, బావగారికి దగ్గు తగ్గిందా. అమ్మావాళ్ల వీసాలు వచ్చేశాయని నాన్న చెప్పిన దగ్గర్నుంచి నేను ఇక్కడ ప్లానింగ్‌లోనే ఉన్నా. ఫోన్లో చెబితే అమ్మ మధ్యలోనే "అంత దూరం నేను తిరగలేన్రా" అనేస్తది, అందుకే నీకు వివరంగా రాస్తున్నా, నువ్వు నిదానంగా చదివి వాళ్లని ఒప్పించు.

మాడ్రిడ్ ఎలాగూ చూస్తారు. బయట ఒక్క ఊరే చూపించాలంటే మాత్రం నా ఓటు స్పెయిన్ దక్షిణాన ఉన్న కోర్దోబాకే. అందరూ తొలేదో వెళ్లమంటారు, రైల్లో అరగంటే, కానీ ఆ ఊరు గుట్ట మీద ఉంది, సందులన్నీ ఎక్కడం దిగడమే, అమ్మ మోకాళ్లకి కుదరదు. గ్రనాదా అనే ఊళ్లో అల్హంబ్రా కోట టికెట్లు చాలా ముందే అయిపోతాయి, పైగా లోపల నడక ఎక్కువ. కోర్దోబా పాత ఊరు చాలా వరకు చదునుగానే ఉంటది, స్టేషన్ నుంచి టాక్సీలో పది నిమిషాలు.

రైలు గురించి నాన్నకి చెప్పు, ఆయనకి ఇష్టం కదా. 1992లో మాడ్రిడ్ నుంచి సెవియ్యాకి వేసిన లైను, స్పెయిన్‌లో మొట్టమొదటి హైస్పీడ్ లైను అదే, కోర్దోబా ఆ దారిలోనే తగులుతుంది. మనం గౌతమిలో రాత్రంతా పడుకుని హైదరాబాద్ వెళ్తామే, దానికన్నా తక్కువ దూరమే, ఇక్కడ గంటా ముప్పావులో దిగిపోతాం. మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్లో ఎక్కేముందు బ్యాగులు స్కాన్ చేస్తారు, బయల్దేరే టైముకన్నా ముందే గేటు కూడా మూసేస్తారు, అందుకని ముప్పావుగంట ముందే వెళ్లి కూర్చుందాం. ప్రభుత్వ రైల్వే కంపెనీ రెన్ఫే కాకుండా ఊయ్గో, ఇర్యో వాళ్ల రైళ్లు కూడా ఉన్నాయి, ఏదైనా రోజు దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుద్ది.

ఇంక అసలు చూడాల్సింది మెస్కీతా. 8వ శతాబ్దం చివర్లో మొదటి అబ్దుర్ రహమాన్ మొదలుపెట్టిన మసీదు, 1236లో ఊరు క్రైస్తవ రాజుల చేతికి వచ్చాక చర్చి అయింది, 16వ శతాబ్దంలో సరిగ్గా మధ్యలో పెద్ద కెథెడ్రల్ కట్టారు. ఆఫీసువాళ్లతో వెళ్లినప్పుడు లోపలికి అడుగుపెట్టి అలా నిలబడిపోయా అక్కా. ఎటు చూసినా స్తంభాలే, 850కి పైనే ఉన్నాయి. చాలావరకు పాత రోమన్ కట్టడాల నుంచి, ముస్లింల కన్నా ముందు అక్కడ ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చి పెట్టినవి, అవి పొట్టిగా ఉండేసరికి కప్పు ఎత్తుగా లేపడానికి ఒక ఆర్చి మీద ఇంకో ఆర్చి వేశారు, ఒక వరస ఎర్ర ఇటుక ఒక వరస తెల్ల రాయి, అందుకే ఆ ఎరుపు తెలుపు చారలు. ఇల్లు కట్టించేటప్పుడు నాన్న మేస్త్రీతో గంటలు గంటలు మాట్లాడేవాడు గదా, ఆ ఆర్చీల కింద ఆయన్ని నిలబెట్టి చూపించాలని నాకు మహా ఆశగా ఉంది. ఆదివారం కాకుండా మిగతా రోజుల్లో పొద్దున ఎనిమిదిన్నర నుంచి గంటసేపు టికెట్ లేకుండా వదుల్తారు, అప్పుడు జనం తక్కువ, కాబట్టి ముందురోజు మధ్యాహ్నం రైలెక్కి రాత్రి అక్కడే ఉందాం.

అమ్మకి మాత్రం పాతియోలు. మే మొదటి రెండు వారాల్లో జనం వాళ్ల ఇళ్ల లోపలి వాకిళ్లు అందరికీ తెరిచి పెడతారు, 2012లో యునెస్కో కూడా గుర్తించింది. తెల్ల గోడల నిండా పై దాకా పూలకుండీలు, అంత ఎత్తున ఉన్నవాటికి పొడుగాటి కర్ర చివర రేకు డబ్బా కట్టి నీళ్లు పోస్తారు. మన డాబా మీద కుండీలకి అమ్మ అలాంటిది కావాలని అడిగినా అడుగుద్ది! శని ఆదివారాలు జనం విపరీతం, వారం మధ్యలోనే వెళ్దాం. ఇంకా ఆలస్యం చేస్తే ఎండలు, జూలై ఆగస్టుల్లో 40 దాటేస్తది.

తిండికి భయం లేదు. వంకాయ ముక్కలు వేయించి పైన చెరుకు పాకం పోసి ఇస్తారు, అచ్చం మన బెల్లం పాకమే. టమాటాతో చేసే సల్మోరేహో అనే చల్లటి సూపు కూడా బావుంటది, కాకపోతే పైన పంది మాంసం, గుడ్డు వేస్తారు, అవి వద్దని నేను ముందే చెప్తా.

నువ్వు చెయ్యాల్సింది ఏంటంటే, ఇద్దరి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫొటోలు ఈ వారంలో పంపు, పేర్లు ఉన్నవి ఉన్నట్టు వేసి టికెట్లు తీస్తా. అమ్మ మోకాలి బెల్టు, మెత్తటి బూట్లు సూట్‌కేసులో పెట్టించు, చెప్పులతో అస్సలు రానివ్వకు, ఆ సందుల్లో గులకరాళ్లు పరిచి ఉంటాయి.

నీ తమ్ముడు