కూడలిలో ఏనుగును నిలబెట్టే ముందు దాని కడుపులోకి చూడండి

గౌరవనీయులైన పురపాలక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. హైదరాబాద్ కూడళ్లలో పెద్ద జంతు శిల్పాలు నిలవాలని మేమూ మనసారా కోరుకుంటున్నాం. మా విన్నపం ఒక్కటే. టెండర్లో బొమ్మ పైరూపంతో పాటు లోపలి చట్రం డ్రాయింగు కూడా అడగండి.

ఫైబర్ బొమ్మ పాడయ్యే తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. ఎండకు పైపూత పొడిబారుతుంది, వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుతుంది. ఆ తర్వాత మడమ దగ్గర వెంట్రుకంత పగులు. వానాకాలం ఆ పగులులోంచి దిగిన నీరు కాలి లోపలి ఇనుప పైపు చుట్టూ నిలుస్తుంది. తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు తీసుకుంటుంది కనుక కాలిని లోపల్నుంచే చీలుస్తుంది. అప్పుడు పుట్టీ పెట్టి రంగేస్తే తడిని లోపల బంధించినట్టే. పైపుకు జింకు పూత వేసి, ప్రతి కాలి అట్టడుగునా నీరు బయటికి పోయేలా 12 మిల్లీమీటర్ల రంధ్రం ఉంచితే చాలావరకు ఈ గతి పట్టదు. దిమ్మెకు సిమెంటు పూసేటప్పుడు మేస్త్రీ ఆ రంధ్రాన్నే మూసేస్తుంటాడు. దగ్గరుండి చూసుకోవాలి.

ఇనుప ప్లేటుకు స్టెయిన్‌లెస్ బోల్టు బిగిస్తే, తడిలో బోల్టు చుట్టూ ప్లేటు త్వరగా తుప్పు పట్టవచ్చు. ఆ రెండు లోహాలూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో నైలాన్ వాషరు, స్లీవు (బోల్టుకు తొడిగే గొట్టం) తప్పనిసరి.

స్కాట్లాండ్‌లోని ఫాల్కర్క్‌లో ఆండీ స్కాట్ చేసిన ‘కెల్పీస్’ గుర్రపు తలలు 2013లో లేచాయి. ఒక్కోటి 30 మీటర్ల ఎత్తు, 300 టన్నుల బరువు. స్టెయిన్‌లెస్ రేకుల వెనక ఉక్కు చట్రం, సందర్శకులను లోపలికి తీసుకెళ్లేంత చోటు. మన పదడుగుల ఏనుగుకు అంత అక్కర్లేదు, పొట్ట కింద మనిషి దూరేంత తలుపు చాలు. బోల్టు దగ్గరికి చెయ్యి వెళ్లకపోతే ఏ నిర్వహణా జరగదు.

పునాది విషయం. మన ఊళ్లో కొన్నిచోట్ల తవ్వగానే బండ తగులుతుంది, అది అదృష్టం. కూడళ్లలో ఎక్కువగా పోసిన మట్టి, కేబుళ్లు, డ్రైనేజీ పైపులే. ముందు గుంత తవ్వి చూడాలి. వెనక కాళ్లమీద లేచిన గుర్రానికి బరువుకన్నా గాలి తోపు ప్రమాదం. ఆ తోపుకు ఒకవైపు బోల్టులు పైకి లాగుకుంటాయి. ఆ లెక్కమీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేనిదే పని మొదలుపెట్టనివ్వకండి.

కంచెలు మాత్రం వద్దండీ. న్యూయార్క్‌లో ఆర్టూరో డి మొడికా 1989లో పెట్టిన కంచు ఎద్దు ముక్కు, కొమ్ములు జనం చేతులు తగిలి తగిలి బంగారంలా మెరుస్తున్నాయి. మన పిల్లలూ తాకుతారు, ఎక్కుతారు. అంచులు గుండ్రంగా ఉండాలి, తోక, చెవులు వాళ్ల బరువు మోయాలి.

ఐదేళ్ల నిర్వహణ ఖర్చు మొదటి టెండర్లోనే చేర్చండి. ఏటా వానలకు ముందొకసారి, తర్వాతొకసారి బోల్టులు, రంధ్రాలు, పగుళ్లు చూసి ఫొటోలతో రిజిస్టరులో రాయించండి.

ఇట్లు,
శిల్పులు, వెల్డింగ్ పనివారు
హైదరాబాద్