ముందు ఫోర్కు కొలవండి, సైలెన్సర్ సంగతి తర్వాత

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం పేజీలో మామూలు బైకును బోల్టు కిట్టుతో (బోల్టులతో బిగించే విడిభాగాలతో) చాపర్‌గా, అంటే ముందు చక్రం బాగా ముందుకు చాచిన బండిగా, మార్చుకోవడం గురించి వేసిన వ్యాసం చదివాను. ఫొటోలు బాగున్నాయి. కానీ "చాసిస్ కొయ్యక్కర్లేదు, వెల్డింగ్ అక్కర్లేదు, నచ్చకపోతే విప్పేసి పాత సామాను బిగించుకోవచ్చు, కాబట్టి భయం లేదు" అన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం. నేను విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు నడుపుతాను. మాకు వచ్చేది ఎక్కువగా లారీల పనే. అయినా ఆన్‌లైన్‌లో కిట్టు తెప్పించుకుని, "అంకుల్, ఈ బుష్ కూర్చోవడం లేదు, కాస్త టర్నింగ్ చేసివ్వండి" అంటూ కాలేజీ కుర్రాళ్లు వస్తూనే ఉంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే పైపుల జతను ఫోర్కు అంటాం. చాసిస్‌లో హ్యాండిల్ తిరిగే గొట్టాన్ని నెక్ అంటాం. అది నిలువుగా ఉండదు, కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు పేరు రేక్. మామూలు బండికి 25, 27 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. నెక్ గీతను అలాగే కిందికి పొడిగిస్తే అది నేలను తాకే చోటు, ముందు టైరు నేలను తాకే చోటుకంటే కొన్ని అంగుళాలు ముందు పడుతుంది. ఆ దూరమే ట్రెయిల్. సూపర్ మార్కెట్ ట్రాలీకి ముందు చక్రం తన పిన్ను వెనకాలే ఈడ్చుకుంటూ వస్తుంది చూడండి, ఇదీ అదే. ఈ దూరం ఉన్నందువల్లే హ్యాండిల్ దానంతట అది తిన్నగా సర్దుకుంటుంది.

చాపర్ అందం అంతా ముందు చక్రం దూరంగా ఉండటంలోనే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో మొదలైన ఈ పనిలో పాత పద్ధతి ఏమిటంటే, నెక్ కోసి ఎక్కువ వాలులో మళ్లీ వెల్డింగ్ చేయడం. మిగతావేవీ మార్చకుండా 27 డిగ్రీలను 40 చేస్తే నాలుగు అంగుళాల ట్రెయిల్ దాదాపు ఎనిమిది అవుతుంది. అలాంటి బండి హైవే మీద కదలకుండా పోతుంది గానీ, వన్‌టౌన్ సందుల్లో మెల్లగా తిప్పితే హ్యాండిల్ ఒక పక్కకు ఒరిగిపోతుంది. మోయలేక చస్తాం. అంతవరకే.

బోల్టు కిట్టు సంగతి దీనికి తలకిందులు. అందులో నెక్ ముట్టుకోరు. కాబట్టి ఆ వాలును, ఫోర్కు పైపులను పట్టుకుని నెక్‌లో తిరిగే టీ-స్టెమ్‌లో పెడతారు. అంటే స్టెమ్ ఒక కోణంలో, ఫోర్కు పైపులు అంతకంటే ఐదారు డిగ్రీలు ముందుకు. నెక్ గీత ఎక్కడిది అక్కడే ఉంది, చక్రం మాత్రం దాని వైపు జరిగింది. ట్రెయిల్ పెరగదు, తగ్గుతుంది. పైపు పొడవు 28 అంగుళాలు, టీ-స్టెమ్ తేడా ఆరు డిగ్రీలు అనుకుని కాగితం మీద లెక్క వేయండి. నాలుగు అంగుళాల ట్రెయిల్ దాదాపు ఒక అంగుళానికి వచ్చేస్తుంది. గల్లీలో తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి కుర్రాడు మురిసిపోతాడు. వారధి దాటి మంగళగిరి వైపు ఎనభైలో పోతున్నప్పుడు ఒక చిన్న గొయ్యి తగిలితే అప్పుడు హ్యాండిల్ కొట్టుకోవడం మొదలవుతుంది.

దీనికి విరుగుడు పొడవాటి పైపులు. అవి వేస్తే బండి ముందు భాగం లేచి, నెక్ కూడా వెనక్కి వాలి, పోయిన ట్రెయిల్ కొంత తిరిగి వస్తుంది. సరైన కిట్టులో అందుకే ఫలానా మోడల్‌కు ఫలానా టీ-స్టెమ్, ఫలానా పొడవు పైపు అని జత కట్టి ఇస్తారు. మన దగ్గర పైపులు ఖరీదని టీ-స్టెమ్ ఒక్కటే కొంటారు. లేదా పాత పైపుకే ఆరంగుళాల ముక్క వెల్డింగ్ పెట్టించి, లేత్ మీద సాఫు చేసిమ్మని తెస్తారు. ఆ పని నేను ఎంత ఇచ్చినా చెయ్యను. బ్రేకు వేసినప్పుడు పైపు మీద ఒత్తిడంతా టీ-స్టెమ్ దాన్ని పట్టుకునే కింది క్లాంపు దగ్గర పడుతుంది. ఆరంగుళాలు పెంచితే అతుకు వచ్చి ఇంచుమించు అక్కడే కూర్చుంటుంది.

ఇంకా బ్రేకు హోసు, ఏబీఎస్ వైరు పాత పొడవువే ఉండి, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే గుంజుకుంటాయి. వెనక షాక్ అబ్జార్బర్లు తీసేసి ఇనప రాడ్లు బిగించేవాళ్లున్నారు. ఆ దెబ్బలన్నీ చాసిస్ చెవులకూ, నడిపేవాడి నడుముకూ చేరతాయి. చీర గార్డు మొదటే పీకేస్తారు. వెనక చక్రం సగానికి తక్కువ కాకుండా కప్పి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది.

చట్టం మాట మీ వ్యాసంలో ఒక్క ముక్కా లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. యజమాని అలా మార్పిస్తే ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. విప్పి మళ్లీ బిగించుకోవచ్చన్నది అక్కడ చెల్లే జవాబు కాదు.

అలాగని కుర్రాళ్లను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. కంపెనీ చాసిస్ మీద లారీ బాడీ మా ఆటోనగర్‌లోనే కడతారు, దానికి నిబంధనలున్నాయి, రవాణా శాఖ చూసి రిజిస్టర్ చేస్తుంది. కారుకు ఆమోదించిన సీఎన్‌జీ కిట్టు పెడితే ఆర్సీలో ఎక్కిస్తారు. జర్మనీలో బైకుకు చేసిన మార్పును పరీక్షించి బండి కాగితాల్లో రాసే పద్ధతి ఉంది. చాపర్ కిట్టును కూడా టీ-స్టెమ్, పైపులు, హోసులు కలిపి ఒకే సెట్టుగా పరీక్షించి పాసో ఫెయిలో తేల్చే దారి మన దగ్గరా పెట్టమని అడగడంలో తప్పేముంది? అంతవరకు ఆగలేనివాళ్లు జావా పెరాక్ లాంటి బండి చూసుకోవచ్చు. షాక్ అబ్జార్బర్ సీటు కింద దాచి, చాపర్‌కు ముందు తరమైన ఆ పాత బాబర్ రూపాన్ని కంపెనీయే పరీక్షలు చేయించి ఇస్తోంది.

పోలీసు వారికి, రవాణా శాఖ వారికి ఒక మనవి. సైలెన్సర్లు వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించే ఫొటోలు పేపర్లో చూస్తూనే ఉన్నాం. చప్పుడు చెడ్డదే, కాదనను. కానీ బెంజి సర్కిల్ దగ్గర ఆపిన బండి సైలెన్సర్ పీకి, అతుకు పైపుల ఫోర్కును అలాగే రోడ్డు మీదికి వదిలేస్తే ఏం లాభం? నెక్ కోణం, పైపు కోణం వేరువేరుగా పెట్టి చూస్తే రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది. అందుకు కావలసిన యాంగిల్ గేజు ఆటోనగర్‌లో ఏ టూల్స్ కొట్లో అడిగినా ఇస్తారు. వాడే విధానం చూపించడానికి ఎప్పుడు పిలిచినా నేను వస్తాను.

ఇట్లు,
ఒక లేత్ షాపు యజమాని,
ఆటోనగర్, విజయవాడ.